రాయి మీద ఆనే స్లైడర్, కాలు పెట్టే స్టెప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు రాక్ స్లైడర్లు (రాయి తగిలినా డోర్ల కింది భాగం దెబ్బతినకుండా రెండు పక్కలా బిగించే గట్టి పైపులు), వాటితో కలిసి వచ్చే సైడ్ స్టెప్పులు బిగించడం గురించి పాఠకులు అడిగినవాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బండికి కంపెనీ నుంచే సైడ్ స్టెప్పులు వచ్చాయి. ఇద్దరు ఎక్కి నిలబడ్డా కదలడం లేదు. రాళ్ళ దారిలో వెళ్ళడానికి ఇవి చాలవా?

చాలవు. స్టెప్పును మనిషి బరువుకు తయారు చేస్తారు, స్లైడర్‌ను బండి బరువుకు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా తెలియాలంటే బండి కిందికి దూరి బ్రాకెట్లు ఎక్కడికి వెళ్తున్నాయో చూడాలి. చాలా స్టెప్పులను డోర్ల కిందుండే సిల్‌కు, అంటే బాడీ రేకుకే, పల్చటి పట్టీలతో బిగిస్తారు. స్లైడర్ కాళ్ళు బాడీని ఎక్కడా తాకకుండా నేరుగా ఛాసిస్‌కు వెళ్తాయి.

2,200 కిలోల బండి ఒక పక్కకు జారి రాయి మీద కూర్చుందంటే ఆ పక్క మీద వెయ్యి కిలోలకు పైగా పడుతుంది. ఎత్తు నుంచి దిగుతూ కూర్చుంటే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. సిల్‌కు బిగించిన స్టెప్పు అప్పుడు పైకి మడుచుకుపోయి, పోతూ పోతూ సిల్‌ను కూడా లోపలికి నొక్కేస్తుంది, డోర్ తెరుచుకోదు. అసలు స్టెప్పే లేకపోతే సిల్ రేకుకు ఒక సొట్టతో పోయేది. కాబట్టి రాళ్ళ దారికి వెళ్తున్నారంటే స్లైడర్లు పెట్టండి, లేదా కనీసం ఆ స్టెప్పులు విప్పి ఇంట్లో పెట్టి వెళ్ళండి.

ప్రశ్న: స్లైడర్లు కొనేటప్పుడు, లేదా వెల్డర్‌తో చేయించేటప్పుడు ఏం చూడాలి? అందరూ పైపు మందం గురించే చెబుతున్నారు.

పైపు మందం ముఖ్యమే, కానీ పైపు కంటే ముందు ఓడిపోయేది కాలు, కాలు ఛాసిస్‌కు తగిలే చోటు. ముందు అక్కడ చూడండి.

ఒక చిన్న లెక్క చెబుతాను. స్లైడర్ బయటి అంచు ఛాసిస్ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. అక్కడ 1,100 కిలోల బరువు పడితే ఛాసిస్ దగ్గర వచ్చే వంపు బలం సుమారు 3,200 న్యూటన్ మీటర్లు. 50×50 మి.మీ. చదరపు పైపు, 4 మి.మీ. గోడ, మామూలు మైల్డ్ స్టీల్ అయితే ఆ కాలు వంగకుండా ఆపగలిగేది సుమారు 2,600. అంటే రాయి సరిగ్గా ఒక్క కాలి దగ్గరే తగిలి, బరువంతా దాని మీదే పడితే అది వంగుతుంది. రెండు కాళ్ళు పంచుకుంటే ధీమాగా నిలుస్తుంది. అందుకే పక్కకు రెండు కాళ్ళున్న స్లైడర్ వద్దు. పొట్టి బండికి మూడు, పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న డబుల్ క్యాబ్‌కు నాలుగు ఉండాలి. గోడ 3 మి.మీ.కు తగ్గిస్తే అదే కాలి బలం ఐదో వంతు పడిపోతుంది, ఆదా అయ్యే బరువేమో ఒకటి రెండు కిలోలు. ఆ ఆదా అనవసరం.

కాలి చివర ఛాసిస్‌కు ఆనే ప్లేటు 6 మి.మీ.కు తగ్గకూడదు. ఛాసిస్ పక్క గోడ ఎత్తులో ఎక్కువ భాగం కప్పేలా ఉండాలి. ప్లేటు చిన్నదైతే బలమంతా ఒకే చోట గుచ్చుకుని ఛాసిస్ గోడ లోపలికి సొట్టపోతుంది. స్లైడర్ వంగితే మార్చుకోవచ్చు, ఛాసిస్‌కు సొట్ట పడితే పెద్ద పని.

పొడుగునా వెళ్ళే ప్రధాన పైపు 44 నుంచి 50 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. గోడ ఉంటే మామూలు వాడకానికి సరిపోతుంది. బయటి రెండో పైపుకూ దీనికీ మధ్య స్టెప్పు ప్లేటు వస్తుంది. ప్లేటు గళ్ళ రేకు కంటే చిల్లులున్నది మేలు, బురద కిందికి రాలిపోతుంది. పైన అంటించే గరుకు టేపు బురదకు, నీళ్ళకు త్వరగా లేచిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. చిల్లుల అంచులు పైకి లేచి ఉంటే బూటుకు పట్టు దొరుకుతుంది.

స్లైడర్ వాలు విషయంలో రెండు పక్షాలున్నాయి. బయటి అంచు 15, 20 డిగ్రీలు పైకి లేచి ఉంటే బండి పక్కకు ఒరిగినప్పుడు డోర్లకు రక్షణ ఎక్కువ, కానీ తడి కాలు లోపలికి జారుతుంది. పూర్తిగా చదునుగా ఉంటే ఎక్కడానికి హాయి, కానీ ఒరిగినప్పుడు గట్టు నేరుగా డోర్‌ను అందుకుంటుంది. రోజూ ఇంట్లోవాళ్ళు ఎక్కి దిగే బండికి 10 డిగ్రీల దగ్గర ఆగడం సబబు.

వెనక చివర బయటికి వంకర తిరిగిన కిక్‌అవుట్ ఉంటే చెట్టునో రాయినో ఆసరాగా తీసుకుని బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది, వెనక చక్రం పైనున్న రేకు బతుకుతుంది. ఇరుకు దారులు మీ దారిలో లేకపోతే దాని కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

ప్రశ్న: బోల్టులతో బిగించే కిట్ తెప్పించాను. ఇంటి దగ్గర నేనే బిగించుకోవచ్చా? వరస చెప్పండి.

బిగించుకోవచ్చు, ఒక్కరే వద్దు. స్టెప్పుతో కలిపి ఒక్కో స్లైడర్ 25 నుంచి 35 కిలోలుంటుంది. ఇద్దరు, ఒక ట్రాలీ జాకీ, ఒక పొడుగు చెక్క, ఒక టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉంటే సగం రోజు పని.

బండిని గట్టి చదును నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రాల మీదే ఉంచి పని చేయగలిగితే అదే మంచిది. ఎత్తాల్సి వస్తే స్టాండ్లు ఇరుసుల కింద పెట్టండి, ఛాసిస్ మధ్య భాగం ఖాళీగా ఉండాలి కదా. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు.

ముందు పాత స్టెప్పులు విప్పాలి. వాటి బోల్టులు తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. బలవంతంగా తిప్పితే సిల్ లోపల ఉన్న నట్టు ఊడి గిరగిరా తిరుగుతుంది, ఇక రేకు కోయక తప్పదు. వేడి చేద్దామని గ్యాస్ మంట పెట్టకండి, పక్కనే ఇంధన పైపు ఉంటుంది. విప్పిన తర్వాత సిల్‌లో మిగిలిన రంధ్రాలకు రబ్బరు మూతలు పెట్టండి, లేకపోతే నీళ్ళు, దుమ్ము లోపలికి చేరి సిల్ లోపలి నుంచి తింటుంది.

తర్వాత ఛాసిస్‌ను బ్రష్‌తో కడిగి, ఆరనిచ్చి, కాళ్ళు వచ్చే చోట్లు సుద్దతో గుర్తు పెట్టండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఛాసిస్ బీమ్ (పొడుగునా వెళ్ళే దూలం) లోపలి వైపు చెయ్యి పెట్టి తడమండి. బ్రేక్ పైపులు, ఇంధన పైపులు, వైరింగ్ చాలా బండ్లలో ఆ గోడ వెంటే క్లిప్పులతో వెళ్తాయి. ప్లేటుకూ గోడకూ మధ్య వైరు చిక్కుకుంటే ఆ రోజు ఏమీ కాదు. కొన్ని నెలల తర్వాత తొడుగు అరిగి, వానలో షార్ట్ అవుతుంది, అప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం నరకం. అడ్డొచ్చిన క్లిప్పు తీసి లైను పక్కకు జరిపి మళ్ళీ కట్టండి.

కంపెనీ ఇచ్చిన మరల రంధ్రాలు వాడుతుంటే ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) పెట్టి రంగు, మట్టి తీయండి. మర సైజు చూసుకోండి: ఎం10 బోల్టులో 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లో) ఉంటుంది, 1.5 పిచ్ కూడా ఉంటుంది. ఎం12లో 1.25, 1.5, 1.75 మూడూ ఉంటాయి. కిట్ బోల్టు ఒకటి పోయిందని ఇంట్లో దొరికినది తిప్పితే రెండు మరలు పట్టి బిగుసుకుపోతుంది, ఆ పైన తిప్పితే మర పోతుంది. ప్రతి బోల్టునూ మొదటి నాలుగు ఐదు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. వేళ్ళతో తిరగకపోతే పానా పెట్టకండి.

ఇప్పుడు స్లైడర్ మధ్యలో చెక్క పెట్టి ట్రాలీ జాకీ మీద పైకి లేపండి, రెండో మనిషి చివర పట్టుకోవాలి. అన్ని కాళ్ళ బోల్టులూ వదులుగా ఎక్కించాకే సర్దుబాటు మొదలుపెట్టాలి. ఒక కాలు పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మూడో కాలి రంధ్రాలు కలవవు. కలవడం లేదని రంధ్రాన్ని గ్యాస్‌తో పెద్దది చేసేవాళ్ళున్నారు, అది మాత్రం ఒప్పుకోవద్దు. బోల్టు జారడానికి దారి అక్కడే మొదలవుతుంది.

సిల్‌కూ స్లైడర్‌కూ సందు ముందూ వెనకా సమానంగా ఉందా, నాలుగు డోర్లూ పూర్తిగా తెరుచుకుంటున్నాయా, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే ముందు టైరు స్లైడర్ మొనకు తగులుతుందా అన్నవి చూడండి. పెద్ద టైర్లు వేసిన బండిలో ఈ మూడోది తరచుగా తప్పుతుంది. నిలబడి ఉన్న బండిలో రెండు వేళ్ళ సందు కనిపించినా, గుంతలో సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు టైరు వెనక్కి, పైకి వస్తుంది. సైలెన్సర్ పైపు, క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర కాలికి కనీసం మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి.

అంతా కుదిరాక మధ్య కాలి నుంచి మొదలుపెట్టి రెండు చివరలకు, రెండు విడతల్లో బిగించండి. కిట్‌లో టార్క్ అంకె ఇస్తే అదే. ఇవ్వకపోతే 8.8 గ్రేడు ఎం10కు 45 నుంచి 50, 8.8 గ్రేడు ఎం12కు 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. ఈ అంకెలు పొడి మరకు. గ్రీజు పూసిన మరకు అదే టార్క్ ఇస్తే బోల్టు లోపల లాగుడు ఎక్కువైపోతుంది. నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండేవి) ఒకసారి విప్పితే కొత్తవి వేయండి. 500 కిలోమీటర్లు తిరిగాక అన్నీ మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి. ప్లేటు కింద నలిగిన రంగు సర్దుకుని బోల్టులు కొంత వదులవడం సహజం.

ప్రశ్న: కిట్ దొరకలేదు. వెల్డర్ నేరుగా ఛాసిస్‌కు వెల్డ్ చేస్తానంటున్నాడు. ఇంకొకరు ఛాసిస్‌కు డ్రిల్ చేసి బోల్టులు వేయమంటున్నారు. ఏది మంచిది?

రెండింటిలో డ్రిల్ చేసి బోల్టులు వేయడమే నా సలహా, అది కూడా కంపెనీ రంధ్రాలతో పని జరగనప్పుడు మాత్రమే. డ్రిల్ చేయాల్సింది ఛాసిస్ బీమ్ పక్క గోడకు, ఎత్తులో మధ్యన. పైనా కిందా ఉన్న అంచు భాగాలకు ఎప్పుడూ వద్దు. బండి బరువుకు బీమ్ వంగేటప్పుడు లాగుడూ నొక్కుడూ ఎక్కువగా ఉండేది ఆ అంచుల్లోనే, రంధ్రం నుంచి పగులు అక్కడే మొదలవుతుంది. సస్పెన్షన్ బ్రాకెట్ల పక్కన, బీమ్ వంపు తిరిగే చోట, పాత వెల్డింగ్ దగ్గర కూడా వద్దు.

పెట్టె ఆకారపు బీమ్‌లో ఇటు నుంచి అటు బోల్టు వేస్తే లోపల స్లీవ్ పైపు తప్పనిసరి. లేకపోతే బిగించే కొద్దీ రెండు గోడలూ ఒకదాని వైపు ఒకటి నొక్కుకుంటాయి. గోడ లొంగుతూ ఉంటే బోల్టుకు బిగువే రాదు, మీరు తిప్పుతూనే ఉంటారు. 4, 5 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి దశలవారీగా పెద్దది చేయండి. లోపలి వైపు లైన్లకు అడ్డంగా చెక్క పెట్టండి. ఇనుప పొట్టు లోపల వదిలేస్తే అదే తుప్పుకు విత్తనం, గాలి కొట్టి తీసేయండి. రంధ్రం అంచుకు ప్రైమర్, లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పును ఆపే మైనం) వేయండి.

ఛాసిస్‌ను చుట్టే యూ బోల్టులు డ్రిల్లింగ్ తప్పిస్తాయి కానీ రంగు గీకి తుప్పు తెస్తాయి, దెబ్బ తగిలితే తిరుగుతాయి. కనీసం ఒక కాలికైనా పక్క గోడలో బోల్టు ఉంటేనే వాటిని నమ్మవచ్చు.

ఛాసిస్‌కు వెల్డింగ్ వద్దనడానికి కారణాలున్నాయి. కొత్త బండ్ల ఛాసిస్‌లో ఎక్కువ బలమున్న స్టీల్ వాడతారు, వెల్డింగ్ వేడికి పక్క భాగం మెత్తబడొచ్చు, పెళుసూ కావొచ్చు. లోపల కంపెనీ వేసిన పూత కాలిపోతుంది, అది మీకు కనిపించదు. వారంటీ, బీమా విషయంలో కూడా ఛాసిస్ మీద వెల్డింగ్ చిక్కు తెస్తుంది. పాత బండి, మందపు ఛాసిస్, మంచి వెల్డర్, ఈ మూడూ ఉండి చేయించాలనే అనుకుంటే ముందు 5, 6 మి.మీ. ప్లేటును బీమ్‌కు వెల్డ్ చేయించి, కాలును ఆ ప్లేటుకు వెల్డ్ చేయించండి. వెల్డ్ గీతలు బీమ్ పొడుగు దిశలో ఉండాలి. బీమ్‌కు అడ్డంగా, పై నుంచి కిందికి ఒకే గీతగా వేస్తే పగులుకు దారి గీసి ఇచ్చినట్టే. బ్యాటరీ రెండు తీగలూ విప్పండి, ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటికి దగ్గరలోనే పెట్టండి, ఇంధన పైపులు ఆ దగ్గర ఉంటే పక్కకు తీయించండి.

ప్రశ్న: సందు వదిలితే మట్టి చేరుతుందని, స్లైడర్‌ను సిల్‌కు ఆనించి బిగించమంటున్నాడు మెకానిక్. సరేనా?

ఒప్పుకోకండి. బాడీ రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది, ఛాసిస్‌తో కలిసి కదలదు. పైగా బరువు పడ్డప్పుడు స్లైడర్ కొంచెం పైకి వంగుతుంది. 20 మి.మీ. అటూ ఇటూ సందు లేకపోతే మీ స్లైడరే మీ సిల్‌కు సొట్ట పెడుతుంది. మట్టి సంగతికి నీళ్ళ పైపు చాలు.

ప్రశ్న: బండి ఎత్తు పెంచాం. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కలేకపోతున్నారు. స్టెప్పు బాగా కిందికి ఉండేలా స్లైడర్ చేయించవచ్చా?

పెద్దవాళ్ళ ఇబ్బంది నిజమైనది, తేలిగ్గా తీసేయకూడదు. మెట్టు 15 నుంచి 18 సెంటీమీటర్లుంటే ఎక్కడం సుఖం, ఎత్తు పెంచిన బండిలో స్లైడర్ నేల నుంచి 50 సెంటీమీటర్లు దాటుతుంది. కానీ స్లైడర్‌ను శాశ్వతంగా కిందికి దించితే దాని పనే పోతుంది. 2,750 మి.మీ. వీల్‌బేస్ ఉన్న బండికి మధ్యలో 220 మి.మీ. ఖాళీ ఉంటే, టైరు గుండ్రదనం లెక్కించకుండా, గట్టు దాటే కోణం సుమారు 18 డిగ్రీలు. స్టెప్పు ఛాసిస్ కంటే 50 మి.మీ. కిందికి వేలాడితే అది 14కు పడిపోతుంది. ఎత్తు పెంచి సంపాదించినదంతా అక్కడే పోగొట్టుకుంటారు.

దీనికి మంచి దారి విడిగా తీసిపెట్టే డ్రాప్ స్టెప్పు. స్లైడర్ కింద రెండు సాకెట్లు పెట్టించి, పిన్నుతో ఎక్కించేలా చేయించండి. ఊళ్ళో తిరిగేటప్పుడు ఉంటుంది, దారి మారేచోట రెండు పిన్నులు తీసి లోపల పడేయొచ్చు. దాన్ని స్లైడర్‌కు వెల్డ్ మాత్రం చేయించవద్దు. రాయికి కొక్కెంలా తగులుకుని, ముందుకు పోతున్న బండి బలంతో స్లైడర్ కాళ్ళను మెలిపెడుతుంది. దీంతోపాటు డోర్ పక్క స్తంభానికి ఒక పట్టుకునే హ్యాండిల్ వేయించండి. అయితే ఆ స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందా అన్నది ముందు తెలుసుకోండి, ఉంటే కంపెనీ ఇచ్చిన హ్యాండిల్ బిందువులే వాడాలి. పెద్దవాళ్ళకు కాలి కంటే చేతికి పట్టు దొరకడమే ఎక్కువ ధైర్యం.

ప్రశ్న: బిగించి మూడు నెలలైంది. గతుకుల్లో కిర్రుమంటోంది, మలుపుల్లో లోపల నీళ్ళు కదిలిన చప్పుడు.

నీళ్ళ చప్పుడు పైపులోదే. పైపు కింది భాగంలో అతి తక్కువ ఎత్తులో ఉన్న చోట 6 నుంచి 8 మి.మీ. రంధ్రం వేసి, నీళ్ళు పోయాక రంధ్రం అంచుకు రంగు వేయండి, లోపలికి క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. కాలి వెల్డింగ్ దగ్గర వద్దు, రెండు కాళ్ళ మధ్య వేయండి. పైపు చివరల్లో ప్లాస్టిక్ మూతలుంటే అవి నీళ్ళను ఆపవు, లోపలికి చేరినదాన్ని బయటికి పోనివ్వవు.

కిర్రుమనడానికి ముందు బోల్టులు చూడండి. వదులైన బోల్టు చుట్టూ రంగు పొడిగా రాలి, ఎర్రటి తుప్పు పొడి వలయంలా కనిపిస్తుంది. ఆ వలయం కనిపించిన బోల్టును మళ్ళీ బిగించి వదిలేయకండి. విప్పి మర, రంధ్రం చూడండి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే పెద్ద సైజు బోల్టు, మందపు వాషర్ వేయాలి. బోల్టులన్నీ సరిగ్గా ఉంటే ఏదో ఒకచోట కాలు సిల్ కింది అంచుకో, ఇంధన పైపు క్లిప్పుకో తాకుతోంది. రెండింటి మధ్య కాగితం ముక్క దూర్చి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: హై లిఫ్ట్ జాకీని స్టెప్పు బయటి పైపు కింద పెట్టి ఎత్తవచ్చా?

తయారీదారు జాకీకి పనికొస్తుందని చెప్పిన స్లైడర్ అయితేనే, అదీ కాలు ఉన్న చోటికి ఎదురుగానే. రెండు కాళ్ళ నడుమ బయటి పైపు కింద పెడితే స్టెప్పు ప్లేటు వంగుతుంది. గుండ్రటి పైపు మీద జాకీ నాలుక జారుతుంది కాబట్టి పైపు వంపుకు సరిపోయే అడాప్టర్ వాడండి. వాలు ఎక్కువున్న స్లైడర్‌లో జాకీ బయటికి జారే ప్రమాదం ఎక్కువ, చదునైనదానిలో తక్కువ. బండి ఆ జాకీ మీద ఉండగా కింద చెయ్యి కూడా పెట్టవద్దు.

ప్రశ్న: మాది ఛాసిస్ లేని మోనోకాక్ బండి. స్లైడర్లు వేసుకోవచ్చా?

ఆ మోడల్ కోసమే చేసిన కిట్ ఉంటేనే. అది సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే చిన్న చట్రం) బిందువులను, నేల రేకు కింద ఉన్న బలమైన పెట్టె భాగాలను, సిల్ కింది అతుకును కలిపి పట్టుకుంటుంది. ఇంకో బండి స్లైడర్‌కు బ్రాకెట్లు మార్చి నేల రేకుకు బోల్టు చేస్తే మొదటి దెబ్బకే బోల్టులు రేకును చించుకుని పైకి వస్తాయి.

ప్రశ్న: రాయికి గట్టిగా తగిలింది. స్లైడర్ మీద గీతలు తప్ప ఏమీ కనిపించడం లేదు. వదిలేయవచ్చా?

గీతలకు వారంలోపే పని చేయండి. పౌడర్ కోటింగ్ ఒకచోట లేస్తే దాని కింద తుప్పు పక్కకు పాకుతుంది, పైన పొర నిగనిగలాడుతూనే ఉంటుంది. లేచిన అంచులు గీకి, ఇనుము కనిపించేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ మీద మామూలు నల్ల రంగు వేస్తే చాలు. తరచూ రాళ్ళకు తగిలే స్లైడర్‌కు పౌడర్ కోటింగ్ కంటే ఇంట్లో మళ్ళీ వేసుకోగల రంగే నయం.

తర్వాత బండి కింద చూడండి. కాలు ప్లేటుకు కలిసే వెల్డ్ చుట్టూ కడిగి, టార్చి వెలుగు పక్క నుంచి వేస్తే వెంట్రుక లాంటి పగులు కనిపిస్తుంది. ఎక్కువగా వెల్డ్ అంచులో, కాలి కింది భాగంలో చూడండి, కింది నుంచి దెబ్బ తగిలినప్పుడు లాగుడు పడేది అక్కడే. సిల్‌తో సందును రెండో పక్క స్లైడర్ సందుతో పోల్చండి. 5 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఒక కాలు వంగింది, లేదా ప్లేటు వెనక ఛాసిస్ గోడ లొంగింది. ప్లేటు విప్పి, గోడకు అడ్డంగా ఒక స్టీల్ స్కేలు ఆనించి చూస్తే అది ఏదో తేలిపోతుంది. గోడే లొంగి ఉంటే వంగిన స్లైడర్‌ను సుత్తితో సరిచేసి మళ్ళీ అక్కడే బిగించకండి, ఛాసిస్ పని తెలిసినవారికి చూపించండి.